రెండు మెలికల ముడి

కోల్బర్న్ హాల్ హాస్టల్
జనవరి 1987

డ్వైట్ అన్నయ్యకి,

ఫోన్ చెయ్యొచ్చుగా అని అమ్మ దెప్పుతోందని రాశావు. వెస్టా అత్త కొట్లో ఫోన్ ఎత్తితే గ్రిండిల్ ద్వీపం మొత్తానికి మైకులో చెప్పినట్టే కదా. నా చలి, నా జలుబు, నా పరీక్షలు అందరికీ ఎందుకు? టపా పడవకి నోరు లేదు, అదే నయం.

లాబ్‌స్టర్ బోన్లన్నీ ఒడ్డుకి చేర్చేసి ఉంటావు. పొయ్యి పక్కన కూర్చుని బోన్ల వలలు అల్లుతూ, సగంలో కునుకు తీస్తూ ఉంటావు. నాకు ఆ అదృష్టం లేదు. ఆనర్స్ వాళ్లకి ఆఖరి ఏడు ఒక పెద్ద తంతు ఉంది. నాలుగేళ్లలో చదివిన ఆనర్స్ క్లాసుల గురించి వ్యాసం రాయాలి. ఏం నేర్చుకున్నామని కాదు, ఏ క్లాసు మనల్ని ఎలా మార్చిందని. ఏప్రిల్ చివర్లో దాన్ని మాస్టర్ల ముందు, పిలిచిన అతిథుల ముందు నిలబడి చదవాలి. నచ్చితే మొదటి శ్రేణి ఆనర్స్.

మొదటి ఏడు న్యాయం గురించి ఒక క్లాసు ఉండేది. గుండ్రటి బల్ల చుట్టూ అందరూ గలగలా మాట్లాడుతుంటే నేను నెలంతా నోరు విప్పలేదు. నాకు లేనిది తెలివి కాదు, అలవాటు. మన ఇంట్లో భోజనాల దగ్గర ఉప్పు అడగడానికి తప్ప ఎవరు మాట్లాడతారు? రెండో ఏడు లెక్కల క్లాసులో మన బోన్లలో పడ్డ లాబ్‌స్టర్లనే లెక్కేసి పాసయ్యాను. కానీ నన్ను మార్చింది హాల్వర్సన్ మేడమ్ చెప్పిన 'ఉమ్మడి ఆస్తి' క్లాసు. యజమాని లేని సముద్రాన్ని జనం దోచుకుని పాడు చేస్తారని పుస్తకంలో ఉంది. నాకు నవ్వు ఆగలేదు. "యజమాని లేని సముద్రమా? నీళ్ల అడుగున మా నాన్న నుంచి వచ్చిన రాతి గట్టు ఉంది, దాని మీద ఒక్క బోను వేసి చూడండి" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. మన పద్ధతంతా చెప్పాను. హద్దు దాటిన మనవాడి బోను జాడ చూపే తేలుడు దిమ్మకి ముందు రెండు మెలికల ముడి వేస్తాం. అది హెచ్చరిక. వినకపోతే తాడు కోస్తాం, బోను అడుగునే పోతుంది. బయటివాడికైతే ముడి గిడి ఏమీ ఉండదు, నేరుగా కత్తే. ఈ మాటలు చెబుతున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది అన్నయ్యా.

అదే ఇప్పుడు రాశాను. అక్టోబర్లో వెర్నన్ బావ తాళ్లు తెగిన సంగతి కూడా ఉదాహరణగా పెట్టాను. పేర్లు లేవు, కంగారు పడకు. మేడమ్ చదివి, నాలుగేళ్లలో నువ్వు రాసినవాటిలో ఇదే నిజమైనది అంది. ఆ రాత్రి నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు.

అమ్మకి ముద్దులు,
మార్లిస్

*

గ్రిండిల్ ద్వీపం
ఫిబ్రవరి

మార్లిస్,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, చివరి ముక్క తప్ప. ఆ ముక్క దగ్గర దగ్గు వచ్చినట్టు నటించాను. అమ్మ నమ్మలేదు.

నీకు గొంతు వచ్చినందుకు సంతోషమే. నాలుగేళ్లు గుండ్రటి బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడటం నేర్పారు, బాగుంది. నోరు మూసుకోవడం మేం ఇక్కడ ఊరికే నేర్పాం, అది మర్చిపోయావు.

పేర్లు పెట్టలేదంటావు. గ్రిండిల్లో పడవ ఉన్న ఇళ్లు ఎన్ని? వాటిలో నాన్న గట్టు మీద వేసేది ఎవరు? బయటి నుంచి వచ్చి మన పిల్లని చేసుకున్న వాడు ఎవరు? చిన్నపిల్ల కూడా చెబుతుంది. ఇంకొకడి తాడు కోశానని తేలితే నా లైసెన్స్ పోతుంది. మళ్లీ ఇవ్వరు. నాకు ఇంకో పని రాదు తల్లీ. నీలాగా నాకు నాలుగు క్లాసులు లేవు మారడానికి.

ఆ కాగితాలు చింపెయ్. లెక్కల క్లాసు గురించి రాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇక్కడ అంతా మామూలే. హార్బర్ అంచుకి మంచు పట్టింది. నీ పసుపు దిమ్మలకి రంగు వేశాను. స్టూడెంట్ లైసెన్స్ మీద నువ్వు వేసుకునే ఆ నాలుగు బోన్లకి ఇంత సేవ దండగ అంటోంది అమ్మ. అంటూనే బ్రష్షు కడిగింది.

డ్వైట్

*

కోల్బర్న్ హాల్
ఫిబ్రవరి

అన్నయ్యా,

చింపను.

కోపంతో రాయడం లేదు. రెండు రోజులు ఆగాను. నువ్వు అడిగితే నాన్న పడవలో నా వాటా అయినా ఇచ్చేస్తాను, కానీ ఇది నా చేతులతో చేసిన మొదటి పని. ఈ గదుల్లో అందరి నాన్నలూ డాక్టర్లు, లాయర్లు. వాళ్లు ఇళ్ల నుంచి తెచ్చుకున్నది ధైర్యం. నేను తెచ్చుకున్నది మన గట్టు, మన ముడి. అవి తీసేస్తే నా వ్యాసంలో మిగిలేది 'ఈ క్లాసు చాలా ఉపయోగపడింది' అనే వాక్యం. అది ఎవరైనా రాస్తారు.

పైగా నేను నిన్ను తిట్టలేదు. మెచ్చుకున్నాను. కోర్టు లేని చోట జనం ఎంత మర్యాదగా న్యాయం నడుపుకుంటారో చెప్పాను. ముందు ముడి, తర్వాతే కత్తి. ఎదుటివాడికి ఒక అవకాశం ఇవ్వడం. వెర్నన్ బావకి కూడా ముందు ముడి పడింది కదా, వినలేదు కదా? అదే రాశాను. నీకు సిగ్గుపడాల్సింది ఏముంది?

ఏప్రిల్‌లో చదివేది ఇక్కడ. వినేవాళ్లలో ఒక్కడు కూడా గ్రిండిల్ ఎక్కడుందో చూపించలేడు. నీ భయం అనవసరం.

దగ్గు తగ్గిందా? (నటించింది కాదు, నిజమైనది.)

మార్లిస్

*

గ్రిండిల్ ద్వీపం
మార్చి

మార్లిస్,

మంగళవారం టపా పడవలో మత్స్యశాఖ గస్తీ ఆఫీసరు దిగాడు.

వెస్టా అత్త కొట్లో కాఫీ తాగి, మంచి మాటలు మాట్లాడి, రేవులో ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చాడు. నా దగ్గరికి వచ్చి, "అక్టోబర్లో ఇక్కడ తాళ్లు తెగాయట కదా?" అన్నాడు. "తుఫాను వచ్చింది, తెగుతాయి" అన్నాను. "అంతకు ముందు దిమ్మలకి ముడులు పడ్డాయటగా? రెండు మెలికలవి?" అన్నాడు నవ్వుతూ. నేను తాడు చుట్టుకుంటూ ఉండిపోయాను. మెయిన్ రాష్ట్రపు తీరంలో ప్రతివాడికీ తెలిసిన ముడే అది. కానీ అక్టోబరు సంగతి ఎలా తెలిసింది? ఎవరో నోరు జారారు.

ఎవరూ ఏమీ చెప్పలేదు. వెర్నన్‌ని అరగంట పక్కకి తీసుకెళ్లి అడిగాడు. వాడూ "తుఫానే" అన్నాడట. ఆఫీసరు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. నా లైసెన్స్ క్షేమం.

కానీ ఆ అరగంట ఉందే, అదే వాడి కొంప ముంచింది. నష్టపోయిన వాడు తప్ప ఇంకెవడు చెబుతాడు అంటున్నారు అందరూ. తాడు కోసినవాణ్ణి ఈ ఊరు క్షమిస్తుంది, చెప్పినవాణ్ణి క్షమించదు. వెస్టా అత్త వాడికి డీజిల్ అయిపోయిందంటోంది. వాడి వెనకాల వచ్చినవాడికి పోస్తోంది. శనివారం చర్చిలో చిక్కుడుగింజల విందుకి వెర్నన్, నడీన్ వచ్చి కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోలేదు. నడీన్ మన పెదనాన్న కూతురు, చిన్నప్పుడు నీకు జడలేసింది. అది గిన్నె పట్టుకుని అన్ని బల్లల వైపూ చూసింది. అందరూ తింటూనే ఉన్నాం.

నువ్వు ఇదంతా తలకెత్తుకోకు. చదువు చూసుకో. ఆ కాగితాలు మాత్రం తీసెయ్. ఇప్పుడు మరీ ప్రమాదం.

డ్వైట్

*

కోల్బర్న్ హాల్
మార్చి

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నేరుగా హాల్వర్సన్ మేడమ్ గదికి వెళ్లాను. కోటు కూడా వేసుకోలేదు.

నా వ్యాసం ఎవరికైనా చూపించారా అని అడిగాను. "ఇంట్లో మా ఆయనకి చదివి వినిపించాను. ఎంత బాగుందని!" అంది. ఆయన ఏం చేస్తారని అడిగాను. మత్స్యశాఖలో పని చేస్తారట. నిలబడినదాన్ని కూర్చున్నాను. ఆవిడకి అర్థమై ముఖం పాలిపోయింది. "పేర్లు లేవు కదా మార్లిస్, ఊరి పేరు కూడా లేదు" అంది. నా పేరు పైనే ఉంది. నా సొంత ఊరు కాలేజీ రికార్డులో ఉంది. అంత చాలదా? ఆవిడ దుర్మార్గురాలు కాదు. నాలాగే మురిసిపోయింది, అంతే.

చెప్పింది వెర్నన్ బావ కాదు. నేను.

అన్నయ్యా, నువ్వు ఈ సంగతి ముందే అనుమానించావు కదా? 'ఎవరో నోరు జారారు' అని రాసి, ఆ వెంటనే నా కాగితాలు తీసెయ్యమన్నావు. తెలిసే నడీన్ అక్క ముందు తలొంచుకుని తిన్నావా?

శనివారం విందు లోగా అందరికీ చెప్పెయ్. నా పేరు చెప్పు. వెర్నన్ బావ ఆ అరగంటలో నిన్ను పట్టించగలిగేవాడు. పట్టించలేదు. తుఫాను అన్నాడు. మనం ఆయన్ని మనవాడు కాదంటాం, కానీ ఆ రోజు ఆయన చేసినదానికంటే మనవాడు చెయ్యగలిగింది ఏముంది?

మార్లిస్

*

గ్రిండిల్ ద్వీపం
మార్చి చివర

మార్లిస్,

చెప్పను.

తెలిసిందా అని అడిగావు. ఆఫీసరు ముడి అనగానే తెలిసింది. ఆ మాటలు నీ ఉత్తరంలో చదివాను కదా. తెలిసి తిన్నాను. గిన్నె ఖాళీ చేశాను. నీ కోసం.

నువ్వు ఆలోచించు. చెప్పింది నువ్వని తెలిస్తే ఈ ఊళ్లో నీకు చోటు ఉండదు. వేసవికి రాలేవు. నీ బోన్లు వేసిన మర్నాడే తాళ్లు తెగుతాయి. వెస్టా అత్త నిన్ను చంకనెత్తుకు పెంచింది, నిన్ను చూసి లోపలికి వెళ్లిపోతుంది. అమ్మ తల ఎక్కడ పెట్టుకోవాలి? వెర్నన్‌కి అయితే వెళ్లడానికి ఒక ఊరుంది. వాళ్ల నాన్న రేవు ఉంది. వాడు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మే లోపల వెళ్లిపోతారు. రెండు నెలలు ఓర్చుకుంటే అంతా సద్దుమణుగుతుంది. నువ్వు ఇంటికి వస్తావు.

ఇంకొకటి. నీ వ్యాసంలో తప్పుంది, దిద్దుకో. మర్యాద, అవకాశం, ముందు ముడి అని ఏమిటేమిటో రాశావు. వెర్నన్‌కి నేను ముడి వెయ్యలేదు. తొమ్మిదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాడు, మన పెదనాన్న కూతుర్ని చేసుకున్నాడు, అయినా వాడి దిమ్మ నాన్న గట్టు మీద కనిపించగానే కత్తి తీశాను. ముడి సంగతే గుర్తు రాలేదు. వెళ్లి మీ మేడమ్‌కి చెప్పు, ఇది ఏ క్లాసులో వస్తుందో.

డ్వైట్

*

కోల్బర్న్ హాల్
ఏప్రిల్

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు అయింది. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. భయం వేసింది, దాచడం ఎందుకు. నాకు గ్రిండిల్ కాకుండా ఇంకో ఊరు లేదు. ఇక్కడ నాలుగేళ్లు ఉన్నా ఈ గది నాది కాలేదు. జూన్ రాగానే పడవ ముక్కు మీద కూర్చుని మన దీపస్తంభం కనిపించేదాకా చలికి గడగడలాడటం, దాని కోసమే నేను శీతాకాలాలు దాటుతాను. నువ్వు నా కోసమే నోరు మూసుకున్నావని తెలుసు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

కానీ ఆ ఊరు నాకు మిగలడం కోసం నడీన్ అక్క ఇల్లు అమ్ముకుని పోతే, నేను జూన్‌లో ఏ ముఖం పెట్టుకుని దిగను? వాళ్ల కిటికీలో వేరేవాళ్ల తెరలు చూస్తూ రేవు నుంచి ఇంటికి ఎలా నడవను?

వ్యాసం నిన్న చదివాను. గట్టు, ముడి, తాళ్లు ఉన్న పేజీలన్నీ తీసేశాను. మేడమ్ వద్దంది. ఇవి లేకపోతే మొదటి శ్రేణి కష్టం అంది. ఆ చోట ఒక్క పేరా రాశాను. అది నీకు చెప్పాలి, అది నీదే కాబట్టి: 'ఉమ్మడి ఆస్తి క్లాసులో నేను మా ఊరి సంగతి ఒకటి చెప్పాను. నా సొంతమైనట్టు చెప్పాను. అది ఉమ్మడిది. అడగకుండా పట్టుకొచ్చాను. నేను తెచ్చినదానికి అక్కడ ఒక మనిషి నష్టపోతున్నాడు. కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ క్లాసు నాకు నేర్పింది ఇదే, కానీ క్లాసులో నేర్పలేదు.' ఒక అతిథి, ఏమిటా సంగతి అని అడిగాడు. చెప్పనన్నాను.  చివరికి ఆనర్స్ ఇచ్చారు. మొదటి శ్రేణి కాదు.

ఈ టపా పడవలోనే వెస్టా అత్తకి వేరే కవరు వస్తోంది. కొట్లో అందరూ ఉన్నప్పుడు పైకి చదవమని రాశాను. అందులో నీ పేరు లేదు, తాడు ఎవరు కోశారో లేదు. ఆఫీసరుకి చేరిన మాట నా కాగితం నుంచి వెళ్లిందని, వెర్నన్ బావ ఒక్క ముక్క కూడా చెప్పలేదని మాత్రమే ఉంది. నిన్ను అడగకుండానే పంపాను. అడిగితే ఆపేస్తావు, నేను ఆగిపోతాను.

నా బోన్లు ఈ ఏడు వెయ్యకు. వేస్తే కోస్తారు, నువ్వు చూడాలి, అది నాకు వద్దు. అమ్మని చూసుకో.

మార్లిస్

*

గ్రిండిల్ ద్వీపం
మే

చెల్లీ,

ముందే చెబుతున్నా, నేను నీ మీద మండిపడుతూనే ఉన్నాను. మధ్యలో మెత్తగా ఏదైనా కనిపిస్తే పొరపాటున రాశాననుకో.

వెస్టా అత్త నీ కవరు చించినప్పుడు నేను కొట్లో మేకులు కొంటున్నాను. కళ్లజోడు పెట్టుకుని, స్టౌ చుట్టూ కూర్చున్న వాళ్లందరికీ గట్టిగా చదివింది. సగంలో గొంతు తగ్గించింది. అయిపోయాక మడిచి, "డ్వైట్, నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "ఎప్పట్నుంచి?" అంది. ఆఫీసరు దిగిన రోజు నుంచి అన్నాను.  మేకులు అక్కడే వదిలేసి వచ్చేశాను.

తర్వాత నోళ్లు విప్పారు. "చదువుకున్న పిల్ల, అక్కడే ఉండమను." "కాలేజీవాళ్లకి మనల్ని అమ్ముకుంది." ఇంకా ఉన్నాయి, రాయను. అమ్మ అన్నీ వింది. శనివారం విందుకి వెళ్లి, గిన్నె నిండా గింజలు పెట్టుకుని, తిన్నగా వెర్నన్ బల్ల దగ్గర కూర్చుంది. "నడీన్, కాస్త జరుగమ్మా" అంది. నేను గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆఖరికి నేనూ వెళ్లి కూర్చున్నాను. వెర్నన్ తలెత్తలేదు. "రొట్టె ఇటియ్యి" అని ఎడమ చెయ్యి చాచాడు, వాడిది ఎడమచేతి వాటం. ఇచ్చాను. అంతే. తొమ్మిదేళ్లలో వాడితో ఎప్పుడూ ఒక బల్ల మీద తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటి ముందు అమ్మకం బోర్డు ఇంకా అలాగే ఉంది. గాలికి ఒక వైపు ఊడి వేలాడుతోంది, వాడు సరి చెయ్యడం లేదు, తీయడం లేదు.

బోన్లు వెయ్యొద్దన్నావు. వేశాను. నా పడవ, నా ఇష్టం. నాన్న గట్టు చివర, నీ పసుపు దిమ్మలు నాలుగూ వరసగా. "రేపటికి ఉండవు" అన్నారు రేవులో, నా ముఖం మీదే. రోజూ తెల్లారకముందే నా బోన్ల కంటే ముందు నీ వాటి దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్తున్నానో కూడా నాకు తెలియదు. కోసి ఉంటే చెయ్యగలిగింది ఏమీ లేదు.

నిన్న పొగమంచు. మూడు దిమ్మలు కనిపించాయి. నాలుగోది కనిపించలేదు. పోయిందనుకున్నాను. ఇంజన్ ఆపి వెతికితే గట్టు అంచున తేలుతూ ఉంది. కొక్కెంతో లాగి పైకి తీశాను.

తాడు తెగలేదు. దిమ్మ పిడికి ముడి ఉంది. రెండు మెలికలు, గట్టిగా, శుభ్రంగా. మెలికలు మనం వేసే వైపు కాదు, అవతలి వైపు తిరిగి ఉన్నాయి. ఈ ద్వీపం మీద ఎడమ చేత్తో ముడి వేసేవాడు ఒక్కడే.

మార్లిస్, నేను వాడికి వెయ్యని ముడి వాడు నీకు వేశాడు.

దాన్ని చేతిలో పట్టుకుని పడవలో కూర్చుండిపోయాను. ఏడ్చానని అమ్మకి రాయకు. కొట్లో చెబితే వెస్టా అత్త, "కొయ్యకుండా ముడి వేశాడంటే మన పిల్ల అనేగా" అంది. దిమ్మ పిడికి ఆ ముడి అలాగే ఉంచి మళ్లీ నీళ్లలో వదిలేశాను. విప్పలేదు.

జూన్‌లో పడవ దిగి, వచ్చి నువ్వే విప్పుకో.

అన్నయ్య